ఆకురాలే కాలపు చిన్న మారథాన్: చివరి 12 కిలోమీటర్లు చూసి ఎంచుకోండి

చిన్న మారథాన్‌ల ప్రచారంలో దాదాపు ఎప్పుడూ ఒకేలాంటి ఫోటో కనిపిస్తుంది. ఎర్రగా, పసుపుగా మారిన చెట్లు, మెలిక తిరిగిన రోడ్డు, పక్కన సరస్సు, ఒక్కరే పరుగెడుతున్న రన్నర్. అది చూసి మనసు పారేసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఫోటోని ఏ కిలోమీటరు దగ్గర తీశారో అందులో ఉండదు. ఐదో కిలోమీటరు దగ్గర ఆ సరస్సు మీంచి చూపు తిప్పుకోలేకపోయిన మనిషే, ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర దాని వైపు కన్నెత్తి కూడా చూడకపోవచ్చు.

మన శరీరం కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకునే గ్లైకోజెన్ (పరుగుకి ఇంధనమైన పిండిపదార్థం) సుమారు 400 నుంచి 500 గ్రాములు. మారథాన్ వేగంతో పరుగెడుతుంటే చాలామందికి 30వ కిలోమీటరు ప్రాంతంలో ఆ నిల్వ అడుగంటడం మొదలవుతుంది. తొడలు బిగుస్తాయి, చిన్న ఎక్కుడు కూడా కొండలా కనిపిస్తుంది, దాహం వేస్తోందో లేదో కూడా సరిగ్గా తెలియదు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో మిగిలిన ఆ 12 కిలోమీటర్లే మన రోజు ఎలా గడిచిందో తేలుస్తాయి. అందుకే రెండు మూడు రేసులు నచ్చి ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నేను ప్రతి రేసునీ ఒకటే ప్రశ్న అడుగుతాను: నా వేగంతో వచ్చే రన్నర్‌కి 30వ కిలోమీటరు తర్వాత ఇక్కడ ఏముంటుంది? దారి ఎలా ఉంటుంది, ఎండా గాలీ ఎలా ఉంటాయి, చుట్టూ ఎవరుంటారు, నీళ్లు ఎక్కడుంటాయి? కింద చెప్పే పోలికలన్నీ ఈ ప్రశ్నకి జవాబులే.

ముందు తేల్చుకోవాల్సింది: చిన్నదా, పెద్దదా

ఇప్పుడు 50 వేల మందికి పైగా పూర్తి చేసే న్యూయార్క్ మారథాన్ 1970లో సెంట్రల్ పార్క్ చుట్టూ తిరిగే చిన్న రేసుగానే మొదలైంది. ఆ రోజు బయల్దేరినవాళ్లు 127 మంది, పూర్తి చేసినవాళ్లు 55 మంది. కాబట్టి చిన్న రేసు అంటే తక్కువ స్థాయి రేసు అని కాదు. అనుభవం మాత్రం పూర్తిగా వేరుగా ఉంటుంది.

ఒక లెక్క వేసుకుందాం. ఒక రేసుని 300 మంది, మూడు గంటల నుంచి ఆరు గంటల మధ్యలో పూర్తి చేస్తారనుకోండి. ఆ 180 నిమిషాల్లో ఫినిష్ గీత దాటేది సగటున నిమిషానికి ఇద్దరు కూడా కాదు. మధ్య వేగంవాళ్లు కాస్త గుంపుగా వస్తారు, రెండు చివర్లలో ఇంకా పలచబడతారు. నాలుగున్నర గంటల రన్నర్‌కి ముందు ఒకరు, వెనక ఒకరు కనబడితే గొప్ప. ఐదున్నర గంటల రన్నర్ అయితే కిలోమీటర్ల కొద్దీ ఒంటరిగానే వెళ్లాల్సి రావచ్చు. హాఫ్ మారథాన్ కూడా అదే రోజు ఉంటే పరిస్థితి ఇంకా మారిపోతుంది. మొదటి సగం సందడిగా ఉంటుంది, 21వ కిలోమీటరు దగ్గర హాఫ్ రన్నర్లు విడిపోగానే ఒక్కసారిగా దారంతా ఖాళీ అయిపోతుంది. సరిగ్గా తోడు కావాల్సిన చోట తోడు పోతుంది.

ఇది కొందరికి వరం. శ్వాస, అడుగుల చప్పుడు, చెట్ల మధ్య గాలి తప్ప ఏమీ వినబడని 12 కిలోమీటర్లు కోరుకునేవాళ్లకి పెద్ద రేసులో ఆ సుఖం దొరకదు. ఇంకొందరికి అదే శిక్ష. ఇందులో ఎవరు గొప్ప అనే మాటే లేదు. మీ లాంగ్ రన్‌లు (ట్రైనింగ్‌లో చేసే పొడవైన పరుగులు) గుర్తు చేసుకోండి. 30 కిలోమీటర్ల పరుగు ఒంటరిగా చేసినప్పుడు చివర్లో వేగం నిలబడిందా? గ్రూపుతో ఉన్నప్పుడు మాత్రమే నిలబడిందా? రెండోది నిజమైతే, టైమ్ మీద ఆశ ఉన్న సంవత్సరం పెద్ద రేసుకే వెళ్లండి. అక్కడ ఒకే నిర్ణీత వేగంతో గుంపుని నడిపించే పేసర్లు ఉంటారు, ఎదురుగాలిలో ఎవరి వెనకైనా దూరే వీలుంటుంది, రోడ్డు పక్కన జనం అరుస్తూనే ఉంటారు. చిన్న రేసులో గాలి మొత్తం మీ ఛాతీ మీదే.

దానికి బదులుగా చిన్న రేసు ఇచ్చేవి కూడా తక్కువేమీ కావు. స్టార్ట్ దగ్గరికి చివరి అరగంటలో వచ్చినా సరిపోతుంది. మొదటి కిలోమీటరు నుంచే మీ పేస్‌లో పరుగెత్తవచ్చు, గుంపుని తప్పించుకుంటూ అడ్డదిడ్డంగా తిరిగి ఒంట్లో శక్తి వృథా చేసుకోనక్కర్లేదు. చాలా పెద్ద రేసులకి లాటరీ ఉంటుంది, నెలల ముందే నిర్ణయించుకోవాలి. చిన్నవాటిలో చాలావరకు ట్రైనింగ్ ఎలా సాగుతోందో చూసుకుని, ఇంకా కొన్ని వారాలు ఉందనగా రిజిస్టర్ చేసుకోవచ్చు. గాయాలతో సతమతమయ్యే రన్నర్‌కి ఇది చాలా పెద్ద వెసులుబాటు. నా దృష్టిలో చిన్న రేసుల అసలు బలం ఇదే. అందరూ అందం గురించే మాట్లాడతారు గానీ, తయారుగా ఉన్నప్పుడు మాత్రమే డబ్బు కట్టే అవకాశం అంతకంటే విలువైనది.

కోర్సు ఆకారం

చిన్న మారథాన్‌ల కోర్సులు ముఖ్యంగా నాలుగు రకాలు: ఒకచోట మొదలై ఇంకోచోట ముగిసేవి, వెళ్లిన దారినే తిరిగి వచ్చేవి, ఒకే పెద్ద చుట్టు తిరిగేవి, చిన్న చుట్టు రెండు మూడుసార్లు తిరిగేవి.

మొదటి రకం ఫోటోల్లో అందరికంటే ముందుంటుంది. స్కాట్లాండ్‌లో లాక్ నెస్ సరస్సు పక్కగా సాగే మారథాన్ ఇలాంటిదే. బస్సులు రన్నర్లని ఎత్తైన చోటికి తీసుకెళ్లి దింపుతాయి, పరుగు ఇన్వర్నెస్ నగరంలో ముగుస్తుంది. ప్రతి మలుపూ కొత్తగా ఉంటుంది, వెళ్లిన దారిలోనే వెనక్కి రావాలనే విసుగుండదు. అయితే ఇలాంటి రేసుల్లో రెండు విషయాలు ముందే ఆలోచించుకోవాలి. ఒకటి, పొద్దున్నే బస్సు దిగాక స్టార్ట్ దాకా చలిలో నిలబడాలి. సముద్రమట్టం నుంచి పైకి వెళ్తున్నకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి, బస చేసిన చోట చలి చూసి కొండ మీది చలిని అంచనా వేయకూడదు. పారేసినా బాధ లేని పాత స్వెటర్, ప్యాంటు వేసుకెళ్లడం తప్పనిసరి. రెండోది గాలి. ఒకే దిక్కుకి 42 కిలోమీటర్లు వెళ్తున్నప్పుడు గాలి వెనక నుంచి వస్తే పండగ, ఎదురుగా వస్తే మొత్తం రేసంతా ఎదురే. ఆ సీజన్‌లో ఆ లోయలో గాలి సాధారణంగా ఎటు వీస్తుందో వాతావరణ వివరాల్లో చూసుకోవచ్చు.

వెళ్లిన దారినే తిరిగొచ్చే కోర్సుని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను మాత్రం ఒంటరితనం భరించలేని రన్నర్లకి చిన్న రేసుల్లో ఇదే చెబుతాను. ముందున్నవాళ్లు తిరిగి వస్తూ ఎదురవుతారు, తర్వాత మీరు తిరిగాక వెనకవాళ్లు ఎదురవుతారు. 300 మందే ఉన్నా ఒక్కో ముఖం కనిపిస్తుంది, ఒక్కో మాట వినిపిస్తుంది. పైగా చివరి 12 కిలోమీటర్లు మీరు పొద్దున ఒకసారి చూసిన దారే. ఎక్కుడు ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో తెలిసి ఉండటం అలసిన బుర్రకి పెద్ద సాయం.

సరస్సునో కొండనో చుట్టివచ్చే ఒకే పెద్ద చుట్టు నాకు అన్నిటికంటే ఇష్టం. బస్సు టెన్షన్ లేదు, బట్టల సంచి మొదలైన చోటే ఉంటుంది, గాలి అన్ని వైపుల నుంచీ కొంచెం కొంచెం తగులుతుంది. చిన్న చుట్టు మూడు నాలుగుసార్లు తిరిగే రేసుల్లో అందం త్వరగా పాతబడుతుంది. ప్రతి చుట్టులోనూ ఫినిష్ పక్క నుంచే వెళ్లాలి, ఆగిపోవాలనే కోరిక అక్కడే పుడుతుంది. కుటుంబం వచ్చి మీకు నీళ్లూ జెల్స్ (శక్తినిచ్చే తీపి పేస్టు) అందించాలనుకుంటే మాత్రం దీన్ని మించింది లేదు.

ఎక్కుడు, దిగుడు: ఎంత అని కాదు, ఎక్కడ అని చూడండి

చాలామంది కోర్సు వివరాల్లో మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో ఒక అంకె చూసి నిర్ణయించేస్తారు. ఆ అంకె అవసరమే, కానీ అది సగం మాటే. 400 మీటర్ల ఎక్కుడు మొదటి 15 కిలోమీటర్లలో ఉంటే కాళ్లు దాన్ని అరిగించుకుంటాయి. అదే ఎక్కుడు 33వ కిలోమీటరు తర్వాత ఉంటే అది వేరే రేసు.

అందరికీ తెలిసిన కొన్ని కోర్సులతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఇవన్నీ చిన్న రేసులే అని కాదు, స్వభావం స్పష్టంగా ఉన్నవి అని. వేల్స్‌లో అక్టోబర్ చివర్లో జరిగే స్నోడోనియా మారథాన్ 1982లో మొదలైంది. 1,085 మీటర్ల ఎత్తున్న స్నోడన్ కొండ చుట్టూ తిరిగి లాన్‌బెరిస్‌లో ముగుస్తుంది. మొదట్లో ఒక పెద్ద ఎక్కుడు ఉంది, కానీ రన్నర్లు భయపడేది 35వ కిలోమీటరు ప్రాంతంలో మొదలయ్యే చివరి ఎక్కుడికి. అది దాటాక ఊళ్లోకి నిటారుగా దిగాలి, అలసిన తొడలతో. నవంబర్‌లో జరిగే ఏథెన్స్ మారథాన్ దీనికి ఇంకో రకం. దాదాపు 10 నుంచి 31వ కిలోమీటరు దాకా దారి ఎక్కుతూనే ఉంటుంది, ఆ తర్వాత పాత పనథినైకో స్టేడియం దాకా ఎక్కువగా దిగుడే. చూడ్డానికి ఏథెన్స్ కష్టంగా ఉన్నా, ఎక్కేటప్పుడు ఓపిక పట్టినవాళ్లకి చివరి 11 కిలోమీటర్లు కలిసొస్తాయి. స్విట్జర్లాండ్‌లో సెప్టెంబర్‌లో జరిగే యుంగ్‌ఫ్రావ్ మారథాన్‌లో మొదటి సగం చాలావరకు చదునే. 25 కిలోమీటర్లు దాటాక ఆల్ప్స్ పర్వతాల్లోకి నిటారుగా ఎక్కాలి, మొత్తం ఎక్కుడు 1,800 మీటర్ల పైనే. అక్కడ చివర్లో చాలామంది నడుస్తారు. ఆ రేసుకి వెళ్లేవాళ్లు టైమ్ గురించి ఆలోచించడమే అనవసరం.

అంటే, ఎలివేషన్ గీత (దారి ఎత్తుపల్లాలు చూపే బొమ్మ) తెరిచి 30వ కిలోమీటరు దగ్గర వేలు పెట్టి, దాని కుడివైపు మాత్రమే చూడండి. అక్కడ గీత పైకి వెళ్తుంటే ఆ రేసుకి మీ ట్రైనింగ్ వేరుగా ఉండాలి: లాంగ్ రన్ చివర్లో ఎక్కుడు వచ్చేలా దారి ఎంచుకుని నెలల తరబడి చేయాలి. దానికి తగిన కొండ మీకు దగ్గర్లో లేకపోతే ఇంకో రేసు చూసుకోవడమే మంచిది.

ఇక దిగుడు. దిగే కోర్సు అంటే వేగంగా పూర్తి చేయొచ్చని ఆశ పుడుతుంది, కొంతవరకు నిజం కూడా. కానీ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. ఆ పని కండరాల నారల్ని చిన్న చిన్నగా దెబ్బతీస్తుంది. గుండెకి శ్రమ తెలియదు కాబట్టి మొదటి 20 కిలోమీటర్లు హాయిగా ఉంటుంది. బిల్లు కట్టాల్సింది 30వ కిలోమీటరు తర్వాత. చదునైన చోట ట్రైనింగ్ చేసి నిటారు దిగుడు రేసుకి వెళ్లడం, ట్రైనింగ్ లేకుండా కొండ ఎక్కే రేసుకి వెళ్లడం కంటే ప్రమాదం అని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కే రేసులో శరీరం ముందే హెచ్చరిస్తుంది, దిగే రేసులో హెచ్చరించదు.

టైమ్ కోసం దిగే కోర్సు ఎంచుకునేవాళ్లు నియమాలు కూడా చూసుకోవాలి. రోడ్డు మీద ప్రపంచ రికార్డుగా గుర్తించాలంటే కోర్సు నికరంగా కిలోమీటరుకి ఒక మీటరు కంటే ఎక్కువ దిగకూడదు. స్టార్ట్‌కీ ఫినిష్‌కీ మధ్య సరళరేఖలో దూరం రేసు దూరంలో సగం దాటకూడదు. 2011లో బోస్టన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగెత్తినా అది ప్రపంచ రికార్డు కాలేదు, కారణం ఇదే. మనకి రికార్డులతో పని లేకపోవచ్చు గానీ బోస్టన్ అర్హతతో (అక్కడ పరుగెత్తడానికి ముందే వేరే మారథాన్‌లో సాధించాల్సిన సమయంతో) పని ఉండొచ్చు. 2027 రేసు నుంచి అక్కడ కొత్త పద్ధతి: 1,500 అడుగులు, అంటే దాదాపు 457 మీటర్లు, లేదా అంతకంటే ఎక్కువ దిగే కోర్సులో వచ్చిన సమయానికి 5 నిమిషాలు కలుపుతారు. 3,000 అడుగుల నుంచి 10 నిమిషాలు. 6,000 అడుగులు, ఆపైన దిగే కోర్సుల సమయాన్ని అసలు తీసుకోరు. అమెరికాలో యూటా రాష్ట్రంలో అక్టోబర్ మొదట్లో జరిగే సెయింట్ జార్జ్ మారథాన్ ఎంతో అందమైన ఎర్రరాతి కొండల మధ్య దాదాపు 2,600 అడుగులు దిగుతుంది. ఆ అందం కోసం వెళ్తే సంతోషంగా వెళ్లండి. అర్హత కోసం మాత్రమే వెళ్లాలనుకుంటే ఆ 5 నిమిషాలు ముందే లెక్కలో వేసుకోండి.

తేదీ: ఆకుల కోసం కాదు, మీ ట్రైనింగ్ కోసం

ఉత్తరార్ధగోళంలో ఆకురాలే కాలం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, దక్షిణార్ధగోళంలో మార్చి నుంచి మే దాకా. రేసు ఈ మూడు నెలల్లో ఎక్కడ పడిందనేది చాలా తేడా తెస్తుంది.

మారథాన్‌కి 16 నుంచి 18 వారాల ట్రైనింగ్, అందులో చివరి రెండు మూడు వారాలు టేపర్ (రేసుకి ముందు పరుగు తగ్గించే సమయం) అనుకుంటే, సీజన్ మొదట్లో ఉన్న రేసుకి అతి పొడవైన లాంగ్ రన్‌లన్నీ మండే ఎండాకాలంలోనే పడతాయి. రెండు నెలలు ఆలస్యంగా ఉన్న రేసుకి అవే పరుగులు చల్లబడిన వాతావరణంలో వస్తాయి. వేడిలో ట్రైనింగ్ చేస్తే రక్తంలో ప్లాస్మా (ద్రవ భాగం) పెరగడం లాంటి లాభాలు ఉన్నాయి, చల్లటి రోజున రేసు పరుగెత్తితే ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది. కానీ వేడిలో లాంగ్ రన్‌లు సగంలో ఆపేసే అలవాటు ఉన్నవాళ్లు, ఆఫీసు పనివేళల వల్ల తెల్లవారుజామున బయటికి వెళ్లలేనివాళ్లు ఆలస్యపు తేదీ వైపే మొగ్గాలి. మరీ ఆలస్యమైతే ఇంకో చిక్కు: పగటి సమయం తగ్గిపోయి వారం మధ్య పరుగులన్నీ చీకట్లో చేయాల్సి వస్తుంది.

రేసు రోజు విషయానికి వస్తే, మారథాన్‌కి చాలామందికి అనుకూలమైనది 5 నుంచి 10 డిగ్రీల చలి. పెద్ద రికార్డులు ఈ సీజన్‌లో రావడానికి ఇదొక కారణం. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్ల ప్రపంచ రికార్డు షికాగోలో 2023 అక్టోబర్ 8న పెట్టాడు. అయితే నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు ఒకటి గమనించాలి. పొద్దున తొమ్మిదికి బయల్దేరి మధ్యాహ్నం రెండున్నరకి చేరే రన్నర్‌కి రేసు ఒక వాతావరణంలో మొదలై ఇంకో వాతావరణంలో ముగుస్తుంది. ఈ కాలంలో తెల్లవారుజామున 4 డిగ్రీలు, మధ్యాహ్నం 18 డిగ్రీలు ఉండటం వింత కాదు. మీ చివరి 12 కిలోమీటర్లు ఏ గంటల్లో పడతాయో లెక్కేసి, ఆ సమయపు వేడే మీ రేసు వేడి అనుకోండి. రేసు ఏడింటికి మొదలైతే నెమ్మది రన్నర్‌కి లాభం. తొమ్మిదిన్నరకి మొదలైతే, లేత చలి పోయి ఎండ మొదలయ్యే వేళకి ఇంకా 25 కిలోమీటర్లు మిగిలి ఉంటాయి.

ఇక రంగుల గురించి. పగటివేళ తగ్గేకొద్దీ ఆకుల్లో పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్ విరిగిపోతుంది, లోపల ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడు కొత్తగా తయారవుతుంది, దానికి ఎండ ఉన్న పగళ్లు, గడ్డకట్టనంత చల్లటి రాత్రులు కలిసిరావాలి. అందుకే రంగులు పతాకస్థాయికి చేరే వారం ఏటా ముందూ వెనకా అవుతుంది. ఎత్తైన చోట్ల ముందు వచ్చి, కిందికి దిగుతూ వస్తుంది. ఒక పెద్ద గాలివాన చాలు, ఒక్క రాత్రిలో కొమ్మలు మోడులైపోవడానికి. రేసు తేదీ ఏడాది ముందే ఖరారవుతుంది, ఆకులకి ఆ తేదీ తెలియదు. రంగుల మీద నిజంగా ప్రేమ ఉంటే రెండు రోజులు ముందే వెళ్లి, ఎత్తైన చోట్లకి నడిచి వెళ్లి చూడండి. రేసు తేదీ మాత్రం ట్రైనింగ్‌కి కుదిరినదే తీసుకోండి.

ఇంకో చిన్న విషయం. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. చాలా రేసులు ఆదివారాలే. రేసు ఆ రోజే పడితే ఒక గంట నిద్ర ఎక్కువ దొరుకుతుంది, కానీ బస్సు సమయం ఏ లెక్కలో చెప్పారో ముందురోజే చూసుకోవాలి.

తారు రోడ్డా, మట్టి దారా

మొదటి మారథాన్‌కి, లేదా టైమ్ కోసం పరుగెత్తేవాళ్లకి తారు రోడ్డే. ఇందులో నాకు సందేహం లేదు. అడవి దారుల్లో రాలిన ఆకుల కింద వేళ్లు, రాళ్లు, గుంటలు దాక్కుంటాయి. కాలు ఎత్తి వేయడం సరిగ్గా కుదరని చివరి గంటలోనే తట్టుకుని పడతారు. తడిసిన ఆకులు, చెక్క వంతెనలు జారతాయి. దుమ్ము దారులు, పాత రైలు మార్గాల మీద వేసిన కంకర దారులు మధ్యరకం: మోకాళ్లకి మెత్తగా ఉంటాయి, పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు, కానీ రాత్రి వాన పడితే అడుగు అడుగుకీ కొంచెం శక్తి నేల మింగేస్తుంది.

తారు రోడ్డుకీ ఒక లోపం ఉంది. చిన్న రేసుల కోసం పల్లె రోడ్లని చాలాచోట్ల పూర్తిగా మూయరు. వాహనాలు తిరుగుతుంటాయి కాబట్టి రోడ్డు అంచునే వెళ్లాలి. అంచు వాలుగా ఉంటుంది, గంటల తరబడి ఒకే వైపు వాలులో పరుగెడితే తుంటీ మోకాలూ ఒకవైపే నొప్పి పెడతాయి. ఇలాంటి చోట్ల ఇయర్‌ఫోన్లు కూడా చాలాసార్లు నిషేధిస్తారు. పాటలు లేకుండా చివరి 12 కిలోమీటర్లు లాగలేనివాళ్లు నిబంధనల పేజీ ముందే చదవాలి.

కటాఫ్, నీళ్లు, ఫినిష్ దగ్గరి వెచ్చదనం

నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకి ఎంపికలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, కానీ ఎక్కువమంది చివర్లో చూస్తారు. కటాఫ్ అంటే రేసు పూర్తి చేయడానికి ఇచ్చే గడువు. ఆరు గంటల కటాఫ్ అంటే కిలోమీటరుకి సగటున 8 నిమిషాల 32 సెకన్లు. ఐదున్నర గంటలంటే 7 నిమిషాల 49 సెకన్లు. ఐదు గంటలంటే 7 నిమిషాల 7 సెకన్లు. ఇందులో నీళ్ల కోసం ఆగడం, షూ లేసు కట్టుకోవడం, అన్నీ కలిసే ఉంటాయి. చిన్న రేసుల్లో వాలంటీర్లు తక్కువ, రోడ్డు అనుమతి ఇన్ని గంటలే అని ఉంటుంది. అందుకే కటాఫ్ నిక్కచ్చిగా పాటిస్తారు, మధ్యలో 25వ, 30వ కిలోమీటరు దగ్గర కూడా గడువులు పెడతారు. ఆ గడువు రేసు మొదలుపెట్టే గన్ మోగినప్పటి నుంచా, మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచా అని కూడా చూడండి. మీరు చదునైన దారిలో ఆశించే సమయానికీ కటాఫ్‌కీ మధ్య కనీసం 45 నిమిషాలు తేడా లేకపోతే, ఎత్తుపల్లాలున్న చిన్న రేసు వద్దని చెబుతాను. గడువు దాటినవాళ్లని ఎక్కించుకునే స్వీప్ వాహనం వెనక వస్తోందన్న భయంతో పరుగెడుతుంటే ఏ అందమూ కంటికి ఆనదు.

రోడ్డు రేసుల్లో నీళ్లు దాదాపు ప్రతి 5 కిలోమీటర్లకి ఉండటం మామూలు. కొండదారుల్లో 7, 8 కిలోమీటర్ల దూరం కూడా ఉండొచ్చు. అలాంటప్పుడు నడుం బెల్టుకో వెనక తగిలించుకునే సంచికో అలవాటు పడాలి, అది లాంగ్ రన్‌లలోనే మొదలవ్వాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవడం చాలామందికి సరిపోయే లెక్క. రేసులో ఇచ్చే జెల్ మీ కడుపుకి పడుతుందో లేదో తెలియదు కాబట్టి సొంతవే తీసుకెళ్లండి. ముఖ్యంగా, నెమ్మది రన్నర్లు వచ్చేదాకా నీళ్ల కేంద్రాలు తెరిచే ఉంటాయా అని నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టి అడగండి. జవాబు స్పష్టంగా, త్వరగా వస్తే ఆ రేసు మీద నాకు నమ్మకం కుదురుతుంది. చిన్న రేసుకి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

ఫినిష్ దగ్గర కప్పున్న చోటు, వేడిగా తాగడానికి ఏదైనా, పొడి బట్టల సంచి అందుతాయా అన్నది చాలా ముఖ్యం. పరుగు ఆగిన మరుక్షణం ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, చెమటతో తడిసిన బట్టలు, గాలి కలిస్తే 8 డిగ్రీల్లో కూడా వణుకు పుట్టి హైపోథెర్మియాకి (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి) దారి తీయొచ్చు. కోర్సు ఇంకోచోట ముగిసే రేసుల్లో సంచి లారీ ఆలస్యమైతే ఇబ్బంది మామూలుగా ఉండదు.

దూరం సరిగ్గా కొలిచారా

టైమ్ లెక్కలోకి రావాలంటే కోర్సుకి అధికారిక కొలత ఉండాలి. సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే పరికరం అమర్చి, రన్నర్ వెళ్లగలిగే అతి దగ్గరి దారిలో కొలుస్తారు. దూరం తగ్గకుండా ఉండటానికి 0.1 శాతం, అంటే 42 మీటర్లు, అదనంగా కలుపుతారు. కాబట్టి మీ వాచీ 42.5 చూపిస్తే కంగారు పడొద్దు. లోతైన లోయల్లో, దట్టమైన చెట్ల కింద జీపీఎస్ ఇంకా తప్పుతుంది, అలాంటి చోట పేస్‌ని వాచీ మీద కాక రేసు కిలోమీటరు బోర్డుల మీద చూసుకోవాలి. అనుభవం కోసమే వెళ్లేవాళ్లకి ఈ కొలత పెద్ద విషయం కాదు, వదిలేయొచ్చు.

అయితే ఎవరు ఏది తీసుకోవాలి

మొదటి మారథాన్, ఐదు గంటలు పైన పడుతుందని అంచనా ఉన్నవాళ్లు: తారు రోడ్డు, వెళ్లొచ్చే కోర్సు లేదా ఒకే చుట్టు, ఆరున్నర గంటలు లేదా ఇంకా ఎక్కువ కటాఫ్, పొద్దున్నే మొదలయ్యే రేసు. ఇవి దొరికే చిన్న రేసు ఉంటే అదే తీసుకోండి, దొరక్కపోతే ఈసారికి పెద్ద రేసు.

సొంత రికార్డు మెరుగుపరచుకోవాలనుకునేవాళ్లు: ఒంటరిగా పేస్ పట్టగలిగితేనే చిన్నది. పాత రిజల్ట్స్ తెరిచి మీ లక్ష్య సమయానికి అటూ ఇటూ ఐదు నిమిషాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. పదిమంది కూడా లేకపోతే ఆ రోజు మీకు తోడు ఉండదు. అదే రిజల్ట్స్‌లో మీకు తెలిసిన రన్నర్ ఎవరైనా ఉంటే, చదునైన కోర్సులో వాళ్ల సమయంతో పోల్చి చూడండి. ఆ కోర్సు ఎన్ని నిమిషాలు తింటుందో ఏ ఎలివేషన్ గీత కంటే బాగా తెలుస్తుంది.

చాలా మారథాన్‌లు చేసి, అంకెలతో అలసిపోయినవాళ్లు: మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్లే కొండదారి రేసు, కటాఫ్ ఉదారంగా ఉన్నది తీసుకోండి. వాచీలో పేస్ తెర తీసేసి, గుండె వేగం మాత్రం చూసుకుంటూ వెళ్లండి. 30వ కిలోమీటరు దగ్గర కూడా తల ఎత్తి చుట్టూ చూడగలిగేంత నెమ్మదిగా మొదటి సగం పరుగెత్తాలి, ఇలాంటి రేసుకి నేను చెప్పే పేస్ ప్లాన్ ఇంతే.

గాయం నుంచి కోలుకుంటున్నవాళ్లు మాత్రం రెండు పనులు చేయాలి. నిటారు దిగుడున్న కోర్సుని జాబితాలోంచి తీసేయాలి. అదే రోజు హాఫ్ మారథాన్ కూడా ఉండి, ఫుల్ నుంచి హాఫ్‌కి మారే వీలు ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా చెప్పే రేసునే ఎంచుకోవాలి. ఆ గడువు రేసుకి వారం లోపు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే టేపర్ మొదటి వారంలో తేలికపడిన కాలు రెండో వారంలో ఏం చెబుతుందో చూశాక నిర్ణయించుకోవచ్చు.